ఆ శనివారం పడిన నాలుగు

మా ఆవిడ పోయిందన్న కబురు నాకు ఫోనులో తెలిసింది. గుంటూరు ఆస్పత్రి నుంచి బట్టల కోసమని ఆ పొద్దున్నే తెనాలి వచ్చాను. ఇంట్లో దుప్పటి మడతపెడుతుంటే నర్సమ్మగారు ఫోన్ చేశారు. ఆమె మాకు చుట్టం కాదు. రేపల్లెలో సర్కారు ఆస్పత్రిలో నర్సు. ఆ రోజు సెలవు పెట్టి మా ఆవిడ మంచం పక్కన కూర్చున్నారు. "అన్నయ్యగారూ, బయల్దేరండి. తొందరేం లేదు, నెమ్మదిగా రండి," అన్నారు. తొందర లేదనేసరికి అర్థమైంది. అయినా దుప్పటి పూర్తిగా మడిచి, సంచిలో పెట్టుకునే బయల్దేరాను. ఎందుకు పెట్టుకున్నానో తెలియదు.

ఇవాళ్టికి నలభై రెండు రోజులు.

మా ఆవిడ ముప్ఫై ఏళ్ల పైన బళ్లో సోషల్ చెప్పింది. చివరి తొమ్మిదేళ్లు రేపల్లె దగ్గర, నగరం అనే ఊరి పక్కన ఒక పల్లెలో హైస్కూలు. టీచర్ల పత్రిక వాళ్లు ఆవిడ గురించి నాలుగు మాటలు రాసివ్వమన్నారు. ఎక్కడెక్కడ పనిచేసింది, ఎన్ని మొక్కలు నాటించింది, పిల్లలకు ఎంత ఓపికగా చెప్పేది, ఇవన్నీ రాయబోయాను. రెండుసార్లు రాసి చించేశాను. అవి సర్వీసు రిజిస్టరులో ఉన్నాయి, ఆవిడ దగ్గర చదివినవాళ్లకు తెలుసు. నాకు అర్థం కానిది ఒకటి మిగిలిపోయింది. అదే రాస్తున్నాను. చదివేవాళ్లు ఏమనుకుంటారో తెలియదు.

ఇదొక ఆట సంగతి.

ఆట మా ఇంటికి బాపట్ల నుంచి వచ్చింది. మా మరదలి కూతురు అక్కడ హాస్టల్లో ఉండి వ్యవసాయం చదువుతోంది. ఒక వేసవిలో గది ఖాళీ చేయాల్సి వచ్చి ఒక అట్టపెట్టె మా ఇంట్లో పెట్టి వెళ్లింది. అందులో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, ఏడు పాచికలు. మనకు తెలిసిన పాచికలు కావు. ఒకటి నాలుగు ముఖాలది, ఒకటి ఎనిమిది ముఖాలది, అలా. అన్నిటికన్నా పెద్దది ఇరవై ముఖాలది. నేరేడు పండంత ఉంటుంది, నిలవమంటే నిలవదు. మా ఆవిడ ఆ సెలవుల్లో పుస్తకం ముందేసుకుని కూర్చుంది. రెండుసార్లు పప్పు మాడింది. ఆవిడ చేతిలో పప్పు మాడటం నేను చూడలేదు అంతవరకు.

ఏంటది అని అడిగితే చెప్పింది. బోర్డు ఉండదు, ముక్కలుండవు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు ఆ కథలో తలో మనిషి. రాజులు, రాక్షసులు, మంత్రాలు ఉండే కథ. చెప్పేవాళ్లు కథను ఒక చోటికి తెచ్చి ఆపుతారు. ఎదురుగా గుహ ఉంది, లోపల ఎవరో మూలుగుతున్నారు, మీరేం చేస్తారు అంటారు. ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. ఆ పని అవుతుందో లేదో అనుమానంగా ఉంటే పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే అయినట్టు, చిన్నది పడితే కానట్టు. ఆ పడినదాన్ని బట్టి కథ ముందుకెళ్తుంది.

"మరి ఎవరు గెలుస్తారు?" అన్నాను.

"ఎవరూ గెలవరండి."

"ఎప్పుడైపోతుంది?"

"అది కూడా తెలీదు."

మరెందుకు ఆడటం అన్నాను. ఆవిడ పాలు తోడేయడానికి లేచి వెళ్లింది.

ఆవిడ రోజూ తెనాలి నుంచి రేపల్లె పాసింజరులో వెళ్లేది. గంట పైన ప్రయాణం. రేపల్లెలో దిగి షేర్ ఆటోలో బడికి. ఏళ్ల తరబడి అదే పెట్టెలో, కిటికీ పక్కన అదే మూల. ఆ మూలకు ఇంకో ముగ్గురు అలవాటుపడ్డారు. నర్సమ్మగారు ఒకరు. రేపల్లెలోనే ఒక బళ్లో పనిచేసే హిందీ టీచర్ ఒకరు, గట్టి మనిషి, పిల్లలు ఆమె చెప్పుల చప్పుడుకే లేచి నిలబడతారని విన్నాను. మూడో మనిషి చేపలావిడ. తెనాలి మార్కెట్లో కూర్చుంటుంది. ఖాళీ తట్టతో రేపల్లె వెళ్లి, అక్కడి నుంచి నిజాంపట్నం రేవుకి పోయి సరుకు తెచ్చుకుంటుంది. మా ఆవిణ్ణి పిన్నీ అనేది, నన్ను బాబాయిగారు అంటుంది.

శనివారం ఆఫీసులకు సెలవు. బండిలో జనం పలచగా ఉంటారు. బళ్లు, ఆస్పత్రి, రేవు మాత్రం ఉంటాయి. అందుకని ఆవిడ శనివారం ఎంచుకుంది.

బల్ల మీద ఆడే ఆట అని పుస్తకం అట్ట మీద రాసి ఉంది. వీళ్లకు బల్ల లేదు. మా ఆవిడ క్యారేజీ మూత తీసి హిందీ టీచర్ ఒళ్లో పెట్టేది. పాచిక అందులో వేసేవాళ్లు. బండి కుదిపితే ఎలా అని మొదటి రోజే తగాదా వచ్చిందట. అప్పుడే పదిహేను చూపించిన పాచిక కుదుపుకి దొర్లి రెండయ్యేది. బండి కూడా కథలో ఉన్నట్టే అనుకోండి, ఆగిన చోట ఎంతుంటే అంత, అని తీర్పు చెప్పింది మా ఆవిడ. "పడిన అంకెతో తగువు పెట్టుకోకూడదు" అని ఆ తర్వాత చాలాసార్లు అనేది. ఇంట్లో కూడా అనేది. కరెంటు పోయినా, పనిమనిషి రాకపోయినా అదే మాట.

మొదట్లో ముగ్గురికీ ఏమీ అర్థం కాలేదు. ఇదేం పేకాటమ్మా ముక్కలే లేవు అని చేపలావిడ. వ్యాకరణం లేకుండా భాష నేర్పినట్టుంది, ముందు రూల్సన్నీ చెప్పండి అని హిందీ టీచర్. మా ఆవిడకు మాత్రం రూల్సన్నీ వచ్చా? మూడొందల పేజీల పుస్తకంలో తను చదివింది పదో పదకొండో పేజీలని నాతో ఒప్పుకుంది. వాళ్లతో మాత్రం ఇలా అందట: "తెలిశాక మొదలెడదామంటే రేపల్లె వచ్చేస్తుంది. తెలియకుండానే మొదలెట్టండి."

మనుషుల్ని ఎంచుకోవడం దగ్గర కూడా ఆవిడ అనుకున్నట్టు జరగలేదు. నర్సమ్మగారిని వైద్యం చేసే మంత్రగత్తెగా ఉండమంది. ఆమె ససేమిరా అన్నారు. రోజంతా అదే పని, ఇక్కడైనా కత్తి పట్టుకోనివ్వండి అన్నారు. ఆమె ఖడ్గం పట్టిన సేనాని అయ్యారు. హిందీ టీచర్ దొంగ అయ్యారు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. మిగిలిన మంత్రాలన్నీ చేపలావిడకు వచ్చాయి.

మూడో శనివారం మొదటి యుద్ధం. ఇది నేను చేరకముందు సంగతి. ఆ సాయంత్రం మా ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా వాకిట్లోనే చెప్పింది. వేమూరు దాటాక కథలో ఒక రాక్షసిని దింపిందట. తాటిచెట్టంత మనిషి, చేతిలో గద, దారికి అడ్డం. పుస్తకం ప్రకారం ఇక్కడ కత్తులు దూయాలి. ముగ్గురూ దూయలేదు. చేపలావిడ తట్ట సర్దుకుని రాక్షసిని అడిగింది.

"ఏ ఊరమ్మా మీది?"

మా ఆవిడ తయారుగా లేదు. నోటికొచ్చింది చెప్పింది. "కాకుమాను."

"కాకుమానులో ఎవరింటి పిల్లవి?"

ఈలోపు నర్సమ్మగారు మా ఆడబడుచుని ఇచ్చింది కాకుమానే అన్నారు. భట్టిప్రోలు వచ్చేసరికి రాక్షసి నర్సమ్మగారికి వరసకి పిన్ని అయింది. పిన్నిని నరకడానికి సేనాని ఒప్పుకోలేదు. రేపల్లె స్టేషనులో దిగేటప్పటికి రాక్షసి వాళ్లకు భోజనం పెట్టి, దారి చెప్పి పంపింది.

బాపట్లకు ఫోన్ చేసి ఈ సంగతి చెబితే మా మరదలి కూతురు మొత్తుకుంది. పెద్దమ్మా, దాన్ని చంపాలి, చంపితేనే పాయింట్లు అంది. మా ఆవిడ అన్న మాట నాకు గుర్తుంది. "మావాళ్లు ఊరడక్కుండా ఎవర్నీ కొట్టరే. ఊరడిగాక ఇంక ఎలా కొడతారు?"

ఆ తర్వాత దాన్ని రూలు చేసేసింది. ఊరు అడిగితే రాక్షసుడైనా చెప్పి తీరాలి. పాపం, ప్రతి శుక్రవారం కూర్చుని రాక్షసులందరికీ ఊళ్లు, ఇంటిపేర్లు, మేనమామలు రాసుకునేది. పాత పాఠ్యప్రణాళిక నోటుబుక్కులో వెనక పేజీల నుంచి రాసేది. ఒక భేతాళుణ్ణి ఈపురుపాలెం అల్లుణ్ణి చేసింది.

నేను రిటైరైన ఏడాది ఇంట్లో ఏం చేయాలో తోచేది కాదు. కాలవల శాఖలో సూపరింటెండెంటుగా దిగిపోయాను. పొద్దున్న పేపరు రెండుసార్లు చదివేవాణ్ణి. ఒక శనివారం మా ఆవిడ, "ఏవండి, ఊరికే బండెక్కి రండి, రేపల్లెలో టిఫిన్ చేసి తిరుగుబండికి వచ్చేద్దురుగాని," అంది. వెళ్లాను. వెళ్లగానే చేతికి ఒక కాగితం ఇచ్చింది. కథలో మీరెవరో రాయండి అంది.

అది దరఖాస్తు ఫారం లాగే ఉంది. పేరు, వయసు, జాతి, వృత్తి, బలాలు, బలహీనతలు. పెన్ను తీసి నింపాను. నా పేరు రాశాను. వయసు అరవై ఒకటి. జాతి అన్నచోట భారతీయుడు అని. వృత్తి దగ్గర రిటైర్డు సూపరింటెండెంటు. బలాల దగ్గర నోట్ ఫైల్ రాయడం, కాలవలో నీటి లెవెల్స్ చూడటం. బలహీనతలు షుగరు, ఎడమ మోకాలు. కింద తేదీ వేసి సంతకం పెట్టి ఇచ్చాను. మరుగుజ్జులనో, అడవి మనుషులనో, ఎవరినో ఒకరిని ఎంచుకోవాలని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, వినలేదేమో.

మా ఆవిడ ఆసాంతం చదివింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "గెజిటెడ్ సంతకం ఒక్కటే తక్కువ," అని మడిచి నోటుబుక్కులో పెట్టుకుంది. మార్చమని అనలేదు. ఒక సేనాని, ఒక దొంగ, ఒక మంత్రగత్తె, వాళ్ల వెనక షుగరు మాత్రల సీసాతో నేను. రెండేళ్లు అలాగే నడిచాం.

నాకు ఆట చివరిదాకా అర్థం కాలేదని నిజాయితీగా చెప్పాలి. నా వంతు వచ్చినప్పుడు మీరేం చేస్తారు అంటే, నేనేం చేయాలి అని అడిగేవాణ్ణి. మీరేం చేస్తారో నన్నడుగుతారేంటండి అనేది ఆవిడ. హిందీ టీచర్ చురచుర చూసేవారు. ఒక్కసారి మాత్రం పనికొచ్చాను. సముద్రపు దొంగల పడవ కాలవలోకి వచ్చింది. వీళ్లు మంత్రాలు, కత్తులు అన్నీ లెక్కేస్తున్నారు. నేను మెల్లగా, పైన తూము మూసేస్తే గంటలో నీరు దిగిపోతుంది, పడవ బురదలో కూర్చుంటుంది అన్నాను. అలాగే అయింది. చేపలావిడ, "బాబాయిగారండి, ఇన్నాళ్లూ ఇది దాచిపెట్టి మోకాలు మోకాలంటారేంటండి," అంది. ఆ రోజు మా ఆవిడ నా వైపు చూసిన చూపు నా ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో ఏ ఆఫీసరూ చూడలేదు.

ఇక ఆ శనివారం.

కథలో మేం కాలవ చివరికి వచ్చాం. అక్కడ పడవలు దాటించే లాకు ఒకటి. లాకు కాపలాకి ఒక ముసలావిడ ఉంది. అవతల సముద్రం మొదలవుతుంది. ఇంటి దగ్గర ఎదురుచూసే మనిషి ఉన్నవాళ్లనే అవతలికి వదులుతానంది ముసలావిడ, లేనివాళ్లు తిరిగి రావడం మానేస్తారట. ఒక్కొక్కళ్లనీ అడుగుతూ వచ్చింది, ఇంటికెళ్తే ఎవరుంటారని. ముసలావిడ గొంతు మా ఆవిడ బాగా పట్టేది, కొంచెం ముక్కుతో.

నర్సమ్మగారు, నా గుర్రం ఉంటుంది అన్నారు. హిందీ టీచర్, కొత్వాలు, ఇంటి ముందే కూర్చుని ఉంటాడు అన్నారు. చేపలావిడ, "మా అత్త ఉంటదండి, నేను రాకపోతే బాగుణ్ణని చూస్తా ఉంటది," అంది. అందరం నవ్వాం. పక్క సీటు వాళ్లు కూడా నవ్వారు.

"మీకో నాయనా? ఇంటికెళ్తే ఎవరుంటారు?"

"మా ఆవిడ ఉంటుంది," అన్నాను. నా ఫారంలో నేను నేనే. ఇంకేం చెబుతాను.

 ఆవిడ ముసలావిడ గొంతుతో కాకుండా మామూలు గొంతుతో అంది.

"పాచిక వేయండి."

మిగతా ముగ్గురిలో ఎవరినీ వేయమనలేదు. నన్నే అడిగింది. వేశాను. మూతలో గుండ్రంగా తిరిగి తిరిగి నాలుగు దగ్గర ఆగింది. నాలుగు అన్నారు నర్సమ్మగారు. మా ఆవిడ నోటుబుక్కులో ఏదో రాసుకుంది. సరే వెళ్లండి అని అందరినీ లాకు దాటించేసింది. పడవ సముద్రంలోకి వెళ్లింది, కథ ముందుకెళ్లింది. ఆ నాలుగు దేనికో చెప్పలేదు. ఆట మధ్యలో అలా అడగకూడదేమో అనుకుని నేనూ అడగలేదు.

పన్నెండు రోజుల తర్వాత గుంటూరులో డాక్టరు గదిలో ఇద్దరం కూర్చుని జబ్బు సంగతి విన్నాం. డాక్టరు చెబుతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నేను పట్టుకున్నానని అప్పట్లో అనుకున్నాను.

ఆ తర్వాత ఏడు నెలలు. బడికి వెళ్లడం మానేశాక నెలకో శనివారం ముగ్గురూ తిరుగుబండి దిగి మా ఇంటికే వచ్చేవాళ్లు. చేపలావిడ కొరమీను శుభ్రం చేసి తెచ్చేది. మా ఆవిడ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని కథ చెప్పేది. గొంతు తగ్గిపోయింది. రాక్షసులందరూ గుసగుసగా మాట్లాడేవాళ్లు. అవతల ఏముందో ముందే చెప్పేయొచ్చుగా, అలిసిపోతున్నావు అన్నాను ఒకసారి. "నాకు మాత్రం ఏం తెలుసండి. వీళ్లేం చేస్తే అదే ఉంటుంది అవతల," అంది.

పదకొండో రోజున భోజనాలయ్యాక నర్సమ్మగారు ఉండిపోయారు. అంట్లు సర్దుతూ చెప్పారు. ఆమె చర్చికి వెళ్లే మనిషి, మా తంతులో ఆమెకు పని లేదు. అయినా పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నారు.

"అన్నయ్యగారూ, ఇది మీకు చెప్పాలో వద్దో తెలీట్లేదండి. వదినగారి రిపోర్టు ముందే వచ్చింది. గురువారం. నాకే చూపించారు, ఇదేంటో చదివి చెప్పమని. మీకు తనే చెబుతానన్నారు."

ఏ గురువారం అని అడిగాను. ఆమె చెప్పారు. లాకు శనివారానికి రెండు రోజుల ముందు.

అంటే డాక్టరు గదిలో మొదటిసారి విన్నది నేనొక్కణ్ణే. ఆవిడకు అప్పటికి రెండు వారాలుగా తెలుసు.

ఆ సాయంత్రం నోటుబుక్కు తీశాను. శనివారం శనివారం వివరంగా రాసి ఉంది. ఏ రాక్షసుడికి ఏ ఊరు, ఎవరెంత వేశారు, ఎవరు ఏం చేశారు. ఆ శనివారం పేజీలో ముసలావిడ ఊరు పేరు ఉంది. కింద "ఆయన: 4" అని ఉంది. అంతే. అప్పటి నుంచి నా తల పనిచేయడం లేదు.

మొదట నెలలనుకున్నాను. కానీ ఏడు నెలలు బతికింది. తర్వాత ఇలా అనుకున్నాను: నాకు చెప్పాలా వద్దా అని ఆవిడ తేల్చుకోలేకపోయింది. మా ఆవిడ ఉంటుంది అని నేను అనేసరికి, ఆ మాటనే పాచికకు అప్పగించింది. పెద్ద అంకె పడితే ఇవాళే చెబుదాం, చిన్నదైతే ఇప్పుడే వద్దు. నాలుగు పడింది. అందుకే చెప్పలేదు. చెయ్యి ఇంకొంచెం గట్టిగా విసిరి ఉంటే, బండి ఇంకోసారి కుదిపి ఉంటే, ఆ పన్నెండు రోజులు ఆవిడ ఒక్కతే మోసి ఉండేది కాదు. ఆ పన్నెండు రోజుల్లో నేనేం చేశానా అని గుర్తు తెచ్చుకుంటే, గీజరు బాగుచేయించాను. సాంబారులో ఉప్పెక్కువైందన్నాను.

చదువుకున్నవాణ్ణి. ఒక పాచిక వల్ల ఇలా జరగదని తెలుసు. తెలిసినా లాభం లేకపోయింది.

బాపట్ల వెళ్లాను. మా మరదలి కూతుర్ని స్టేషను బయట టీ కొట్టు దగ్గర కలిశాను. నోటుబుక్కు చూపించాను. ఆ అమ్మాయి పేజీలు తిప్పి, కాకుమాను రాక్షసి దగ్గర నవ్వి, ఆ పేజీ దగ్గర ఆగింది.

"ఇరవైకి నాలుగంటే ఫెయిల్ కింద లెక్క పెదనాన్నా. కానీ దేనికి ఫెయిలో ముందే చెప్పి వేయించాలి. అది రూలు."

"మీ పెద్దమ్మ చెప్పలేదు."

"నువ్వు అడగాల్సింది."

"అడగకూడదేమో అనుకున్నా."

ఆ అమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది.  పుస్తకంలో ఇంకెక్కడైనా ఉందేమో వెతుకుతానంది. పుస్తకంలో ఉండదని ఇద్దరికీ తెలుసు.

హిందీ టీచర్‌ని ఫోనులో అడిగాను. ఆమె, దొంగకు ఇలాంటివి చెప్పరండి సార్ అన్నారు. చేపలావిడను మార్కెట్లో అడిగాను. నాలుగు మంచి అంకె కాదని తను అప్పుడే అనుకుందట. తర్వాత నా మొహం చూసి, మంచి అంకే బాబాయిగారండి, నాలుగు కాళ్లుంటేనే మంచం నిలబడేది అంది.

పోయిన శనివారం నోటుబుక్కు, పాచికలు సంచిలో పెట్టుకుని రేపల్లె బండెక్కాను. హిందీ టీచర్‌కి ఇచ్చేసి తిరిగి వచ్చేద్దామని. ఆ మూలలో ముగ్గురూ ఉన్నారు. కిటికీ పక్కన కొత్త అమ్మాయి కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్లుంటాయి. సోషల్ టీచర్. మా ఆవిడ బళ్లో ఆ ఖాళీలో వేశారట. నేనెవరో తెలియగానే కంగారుగా లేచి కిటికీ సీటు నాకివ్వబోయింది. కూర్చోమన్నాను. నడవ వైపు కూర్చున్నాను.

సంచి హిందీ టీచర్‌కి అందించాను. ఆమె తీసుకోలేదు. మేం ఆడేవాళ్లమే గానీ చెప్పేవాళ్లం కాదండి అన్నారు. నాకు అసలు ఆడటమే రాదన్నాను. తెలియకుండానే మొదలెట్టమనేవారు కదా మీ ఆవిడగారు అన్నారు. ఈలోపు నర్సమ్మగారు తన క్యారేజీ మూత తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఇదేంటండి అని కొత్త టీచర్ అడిగింది. ముగ్గురూ ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టారు. గుహ, పాచిక, ఊరడగడం, కాకుమాను పిన్ని. ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదని కళ్లలో తెలుస్తోంది. నాకు ఆ కళ్లు తెలుసు.

బండి కదిలింది. అందరూ నా వైపు చూశారు.

నాకు కథ చెప్పడం రాదు. గుహలు రావు, రాజులు రారు. బాగా తెలిసిన చోటు ఒక్కటే. కాలవ చివర లాకు ఉంది అన్నాను. షట్టర్లు ఎలా ఉంటాయో, నీరు ఏ వైపు తన్నుతుందో చెప్పాను. అది కాస్త ఎక్కువే చెప్పాననుకుంటాను, చేపలావిడ ఆవలించింది. తర్వాత కాపలా ముసలావిణ్ణి తెచ్చాను. గొంతు మార్చడం రాలేదు. నా గొంతుతోనే కొత్త టీచర్‌ని అడిగాను.

"ఇంటికెళ్తే ఎవరుంటారమ్మా?"

ఆ అమ్మాయి ఆలోచించలేదు. ఆమెకు ఇంకా వేరే మనిషిగా ఉండటం తెలియదు.

"మా ఆయనుంటారండి. నా బండి టైముకి అన్నం వండి ఉంచుతారు. మెత్తగా చేసేస్తారు, తిట్టుకుంటూ తింటాను."

ఏదో అనాలి. ముసలావిడ ఏదో ఒకటి అనాలి.  నలుగురూ నా మొహంలోకే చూస్తున్నారు. ఇంకొక్క క్షణం చూస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

"పాచిక వేయండి," అన్నాను.

"ఎంత పడాలండి?"

"తెలీదమ్మా. వేయండి."

ఆమె వేసింది. నలుగురూ మూత మీదికి వంగారు. నేను తల అటు తిప్పుకుని కండువాతో మొహం తుడుచుకున్నాను. ఎవరూ చూడలేదు.

ఆవిడ నన్ను పాచిక వేయమన్న ఆ శనివారం నేనూ మూతలోకే చూశాను. ఆవిడ మొహం చూడలేదు. కారణం అదేనని నేను చెప్పలేను. అడగడానికి మనిషి లేదు. కానీ ఆవిడ వేయమన్నది అంకె కోసం కాదేమో అని మొదటిసారి అనిపించింది. నాలుగైనా పద్నాలుగైనా ఆవిడకు కావలసినంతసేపు మేం కిందకే చూశాం.

బండి వేమూరు దగ్గర పట్టాలు మారుతూ ఊగుతోంది. పాచిక ఇంకా ఆగలేదు. నర్సమ్మగారు మూత రెండు చేతులతో పట్టుకున్నారు, పట్టుకున్నకొద్దీ అది అంచు వెంబడి తిరుగుతోంది. నాలుగు తలలు దాని మీద వంగి ఉన్నాయి. కొత్త టీచర్ జడ ముందుకు జారి మూతలో పడబోతే, చేపలావిడ తీసి మెల్లగా ఆమె వీపు మీద వేసింది.